‘లుక్ ఫార్వర్డ్ టు’ తర్వాత ఏం రాయాలి?

పాలకొల్లు నుంచి ఇంగ్లండుకు మాస్టర్స్ చదవడానికి బయలుదేరుతున్న ఒక అమ్మాయి, ప్రొఫెసరుకు రాసే మెయిలు చివర ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అని పెట్టవచ్చా అని అడిగారు. పెట్టకూడదు, ‘టు మీటింగ్ యూ’ అనాలి. మీట్ అని రాసినంత మాత్రాన సీటేమీ పోదు, అవతలివారికి విషయం అర్థమవుతుంది. అయితే ఇక్కడికి, ఇంగ్లండుకు, వచ్చాక యూనివర్సిటీకి, బ్యాంకుకు, ఇంటి ఓనరుకు రాసే ఉత్తరాల్లో ఈ మాటతో పదే పదే పని పడుతుంది కనుక, బయలుదేరే ముందే దాని సంగతి తెలుసుకోవడం మంచిది.

మన గోదావరి జిల్లాల బళ్లలో చదివినవారికి ‘టు’ కనబడగానే పక్కన వి1, అంటే క్రియ మూలరూపం, రాయడం అలవాటు. ‘ఐ వాంట్ టు గో’ వంటి చోట్ల అది సరైనదే. ‘లుక్ ఫార్వర్డ్ టు’లోని టు మాత్రం ప్రిపొజిషన్, దాని తర్వాత నామవాచకం గానీ, నామవాచకంలా పనిచేసే ఐఎన్‌జీ రూపం గానీ రావాలి. అనుమానం వచ్చినప్పుడు క్రియను తీసేసి అక్కడ ఒక పేరు పెట్టి చూడండి. ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు సంక్రాంతి’ అంటే వాక్యం నిలబడుతుంది, ‘ఐ వాంట్ టు సంక్రాంతి’ అంటే నిలబడదు. పేరు నిలబడిన చోట క్రియకు ఐఎన్‌జీ చేర్చి ‘టు గోయింగ్ హోమ్ ఫర్ సంక్రాంతి’ అని రాయాలి. ‘ఆబ్జెక్ట్ టు’ కూడా ఈ కోవలోదే. ఇక మనవాళ్లు ధారాళంగా రాసే ‘లుకింగ్ ఫార్వర్డ్ ఫర్’ ఎక్కడా చెల్లదు.

వ్యాకరణం కంటే అర్థం దగ్గరే మనవాళ్లు ఎక్కువగా తడబడతారని నా అభిప్రాయం. ఎదురుచూడడం అన్న ఒక్క మాటతో మనం చాలా నెట్టుకొస్తాం. తొలకరి వేళ కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారా అని రైతు లాకుల వైపు చూడడమూ ఎదురుచూపే, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మనవలు వస్తారని అమ్మమ్మ వారం ముందునుంచీ పిండివంటలు మొదలుపెట్టడమూ ఎదురుచూపే. ఇంగ్లిష్‌లో రైతుది ‘వెయిట్ ఫర్’, అమ్మమ్మది ‘లుక్ ఫార్వర్డ్ టు’, ఎందుకంటే ఈ రెండోదానిలో రాబోయేదాన్ని తలచుకుని సంతోషపడడం ఉంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజున, నది మధ్య లంకలు మునుగుతాయని అనుకోవడం ‘ఎక్స్‌పెక్ట్’ అవుతుంది; అక్కడ లుక్ ఫార్వర్డ్ వాడితే వరద రావాలని కోరుకున్నట్టు ఉంటుంది. అదే లెక్కన ‘ఐ యామ్ నాట్ లుకింగ్ ఫార్వర్డ్ టు ది ఎగ్జామ్’ అంటే పరీక్షను తలచుకుంటేనే బెంగగా ఉందని అర్థం. ఈ ‘నాట్’ రూపం ఇక్కడివాళ్ల నోట తరచు వినబడుతుంది, చలికాలం గురించైతే మరీను.

ముఖపరిచయం లేనివారికి రాసేటప్పుడు ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ’ అనడం మర్యాద. ‘ఐ యామ్ లుకింగ్’ అంటే కాస్త చనువు, అసలు ‘ఐ’ లేకుండా ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ అనడం తోటివారి మధ్య చెల్లుతుంది. మొదటి రెండూ కలిపేసి ‘ఐ యామ్ లుక్ ఫార్వర్డ్’ అని మాత్రం రాయకండి. ‘ఐ యామ్ ఎక్స్‌పెక్టింగ్ యువర్ రిప్లై’ అనేది మనకు వినయంగానే తోస్తుంది గానీ, చదివేవారికి అది జవాబిచ్చి తీరాలని గద్దించినట్టు ఉంటుంది. పరామర్శ ఉత్తరాల్లో ‘లుక్ ఫార్వర్డ్’ ముక్తాయింపును పూర్తిగా వదిలేయాలి.

నిజంగానే గట్టిగా అడగవలసి వచ్చినప్పుడు కూడా ఇదే మాట పనికొస్తుంది. ఇల్లు ఖాళీ చేశాక ఓనరు డిపాజిట్ ఇవ్వకుండా నానబెడుతుంటే, చివరి వాక్యంగా ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు రిసీవింగ్ ది డిపాజిట్ బై ఫ్రైడే’ అని రాయండి, ఫ్రైడే పక్కన తేదీ కూడా వేయండి.