కీచుమన్నప్పుడే చూపించు తల్లీ

చిరంజీవి కోడలు పిల్లకి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో మాటల మధ్య ఓ మాట అన్నావు. బ్రేకు వేస్తే కారు కీచుమంటోంది, దసరాకి తిరుపతి వచ్చి వెళ్ళాక మెకానిక్‌కి చూపిస్తాను అని. అది విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ముప్పై ఏళ్ళు తిరుమల కొండకి టాక్సీ తోలినవాణ్ణి. వచ్చి వెళ్ళాక కాదమ్మా, బయల్దేరక ముందే చూపించు.

అన్ని చప్పుళ్ళూ ఒకటి కాదు. రాత్రి వాన పడి పొద్దున్నే బండి తీసినప్పుడో, కడిగిన తర్వాతో మొదటి రెండు మూడు బ్రేకులకి గరగరమని ఆగిపోతే టెన్షన్ పడకు. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం, అదే డిస్కు, దాని మీద పట్టిన పల్చటి తుప్పు అది. బ్రేకు వేసినప్పుడు దాన్ని నొక్కి పట్టే ప్యాడ్ రాసుకోగానే పోతుంది. పొద్దంతా ప్రతి బ్రేకుకీ సన్నగా కీచుమంటుంటే మాత్రం ప్యాడ్లు అరిగాయేమో చూడాలి. చాలా ప్యాడ్లకి చిన్న ఇనుప రేకు ఉంటుంది. ప్యాడ్ పల్చబడగానే అది డిస్కుకి తగిలి అరుస్తుంది. అరవడానికే పెట్టారు దాన్ని. అదీ పట్టించుకోకపోతే కొన్నాళ్ళకి ఇనుము ఇనుముకి రాసుకునే మోత మొదలవుతుంది. ప్యాడ్లతో పోయే ఖర్చు డిస్కుల దాకా వస్తుంది. ఆ మోత వినిపిస్తే ఇక బండి తోలకు, మెకానిక్‌నే పిలిపించు.

నువ్వే చూడొచ్చు కూడా. ముందు చక్రం సందుల్లోంచి ఫోన్ లైటు వెయ్యి. మెరిసే పళ్ళెం లాంటిది డిస్కు. దాన్ని పట్టుకుని ఉన్న కాలిపర్ లోపల, ఇనుప పలకకి అంటుకుని ఉండే మందమే ప్యాడ్. కొత్తది 10 మిల్లీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. 3 మిల్లీమీటర్లకి, అంటే రూపాయి బిళ్ళలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందానికి వచ్చిందంటే మార్చేయాల్సిందే. బయటి ప్యాడ్ బాగుంది కదా అని ఊరుకోకు. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే పిన్నులు బిగుసుకుపోతే లోపలి ప్యాడ్ ముందే అరిగిపోతుంది, అది చక్రం విప్పితేగాని సరిగ్గా కనపడదు. వెనక చక్రాలకి మూసి ఉండే డ్రమ్ము బ్రేకులూ అంతే, విప్పే చూడాలి. హ్యాండ్ బ్రేక్ మునుపటికంటే బాగా పైకి లాగాల్సి వస్తోందంటే ముందు వాటి మీదే అనుమానపడు.

ఇంకో సంగతి. బ్రేకు రోజుకి ఇసుమంత అరుగుతుంది, దాంతోపాటే మన కాలూ అలవాటు పడిపోతుంది. ఒకసారి నా బండి మీ చిన్న మామయ్యకి ఇచ్చాను. వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చి, ‘ఏందన్నా, పెడల్ ఇంత కిందికి పోతాంది’ అన్నాడు. రోజూ తోలే నాకు తెలియనే లేదు. అందుకే ఈ ఆదివారం అబ్బాయిని ఒక రౌండు వేయమను. పెడల్ మెత్తగా ఉందా, తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతోందా, బండి ఒక పక్కకి లాగుతోందా, మామూలుగా ఆపుతున్నప్పుడు కాలికింద అదురుతోందా అని అడుగు. ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉన్న బండికి గట్టిగా తొక్కినప్పుడు పెడల్ కొట్టుకోవడం మామూలే.

ఇక బ్రేక్ ఆయిల్. పాత బండి కొన్నవాళ్ళు దీన్ని అసలు అడగరు. ఆ ఆయిల్ గాలిలోని తేమని లాగేసుకుంటుంది. అలా నీరు కలిసిన ఆయిల్ బ్రేకు బాగా వేడెక్కితే లోపల మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు పెడల్ తొక్కితే బుడగలు నొక్కుకుపోతాయేగాని బ్రేకు పట్టదు. నాకు జరిగింది. తిరుమల నుంచి దిగే దారి 1944 నాటిది, 36 మలుపులు. వెనక సీట్లో తల్లి ఒళ్ళో అప్పుడే గుండు చేయించిన పసివాడు, నెత్తిన గంధం ఇంకా ఆరలేదు. బండి మూడో గేరులో ఉంది, కాలు బ్రేకు మీదే ఉంది. ఒక మలుపులో పెడల్ గుడ్డ మీద కాలు వేసినట్టు కిందికి పోయింది. పెడల్ కొట్టీ కొట్టీ, రెండో గేరు, ఒకటో గేరు వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి పిట్టగోడ పక్కన ఆపాను. మూడేళ్ళుగా ఆ బండికి ఆయిల్ మార్చలేదు, తగ్గినప్పుడల్లా పోస్తూ వచ్చాను. ఆ పసివాడి మొహం ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

కాబట్టి రెండేళ్ళకోసారి ఆయిల్ మొత్తం మార్పించి బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయించు. బండిలో ఉన్న బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3, డాట్ 4 అని ఆయిల్ రకం ఏది రాసి ఉంటే అదే పోయాలి. ఇంజన్ ఆయిల్ చుక్క పడినా లోపలి రబ్బర్లు ఉబ్బిపోతాయి. ఆయిల్ తగ్గితే షెడ్డులో వెంటనే పోయనివ్వకు, ఎందుకు తగ్గిందని అడుగు. ప్యాడ్లు అరిగినా తగ్గుతుంది, ఎక్కడైనా కారుతున్నా తగ్గుతుంది. పోసేస్తే ఆ గుర్తు పోతుంది.

ప్యాడ్లు మార్పిస్తే రెండు వైపులా కలిపే మార్పించు. పాతవి చేతికిమ్మని అడిగి చూడు. కొత్తవి సర్దుకోవడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది, ఆలోపు సడన్ బ్రేకులు వద్దు. అందుకే ప్రయాణం ముందు రోజు కాకుండా వారం ముందే చేయించు.

కొండ దిగేటప్పుడు న్యూట్రల్ వేయకు, ఇంజన్ ఆపకు. ఇంజన్ ఆగితే ఒకటి రెండు తొక్కుళ్ళకే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. రెండో గేరులో ఇంజనే బండిని పట్టుకుంటుంది, కాలు పెడల్ మీద ఊరికే ఆనించి ఉంచకు.

చూపించాక మెకానిక్ ఏమన్నాడో, ప్యాడ్ ఎంత మిగిలిందన్నాడో నాకు ఫోన్ చెయ్యి. అక్కకీ బావకీ నమస్కారాలు చెప్పు. దర్శనం అయ్యాక కొండ దిగేటప్పుడు ముందు సీటు నాకు ఉంచు, నీ పక్కనే కూర్చుంటాను.

మీ మామయ్య