ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైనట్టేనా?

ప్రశ్న: ఇండోర్ వాటర్ పార్క్ రిసార్ట్‌లో ఒక రాత్రి ఉన్నాం. హాలంతా ఘాటు వాసన, పిల్లలకు కళ్లమంట, దగ్గు. సగం స్లైడ్లు మూసేశారు. క్లోరిన్ ఎక్కువ వేశారా? డబ్బు వెనక్కి అడగొచ్చా?

జవాబు: సాధారణంగా ఆ ఘాటు క్లోరిన్ ఎక్కువై వచ్చేది కాదండీ. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిస్తే క్లోరమైన్లు అనే రసాయనాలు పుడతాయి, ఆ ఘాటు, కళ్లమంట వాటివే. గాలి సరిగా మారని హాల్లో అవి నీటికి కాస్త పైనే పేరుకుంటాయి. పిల్లల ముక్కు ఉండేదీ అక్కడే. ఈసారి టెస్ట్ స్ట్రిప్ (నీటిలో ముంచితే రంగు మారే పట్టీ) ముంచి చూడండి: ఫ్రీ క్లోరిన్ (ఇంకా దేనితోనూ కలవకుండా మిగిలిన క్లోరిన్) కనీసం 1 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఒకటి), పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.0–7.8 ఉండాలి. స్ట్రిప్‌ల డబ్బా మీద రాసిన సెకన్లకే రంగు పోల్చాలి, ఆలస్యమైతే లెక్క తప్పుతుంది. దిగేముందు అందరూ ఒక్క నిమిషం షవర్ కింద నిలబడితే (నిలబడరనుకోండి) బెడద చాలా తగ్గుతుంది.

డబ్బంటారా, స్లైడ్లు కూడా గది అద్దెలో కలిసే ఉంటే తప్పక అడగండి. మూసేసిన బోర్డు ఫొటోతో ఆ రాత్రే మేనేజరుకు రాసివ్వాలి. గది ఖాళీ చేశాక అడిగితే పట్టించుకునేవాళ్లు తక్కువ.