బయోస్ చెప్పిన మెమరీ దూరాన్ని నమ్మొచ్చా?

ప్రశ్న: మా రెండు సాకెట్ల లినక్స్ సర్వర్‌లో న్యూమాసీటీఎల్ కమాండ్ నోడ్ల (ఒక్కో సాకెట్, దాని దగ్గరి మెమరీ కలిపి ఒక నోడ్) మధ్య దూరాన్ని 10, 21 అని చూపిస్తోంది. అంటే పక్క సాకెట్ మెమరీ రెండు రెట్లకు పైగా నెమ్మదా? ఈమధ్య సీఎక్స్‌ఎల్ (ప్రాసెసర్‌కు అదనపు మెమరీని కలిపే లింక్) మెమరీ కార్డు కూడా పెట్టాం. అది నెమ్మది మెమరీ అని కెర్నెల్‌కు తెలుస్తుందా?

జవాబు: 21ని చూసి టెన్షన్ పడకండి. అది మీ మెషీన్‌లో కొలిచిన సంఖ్య కాదు. బూట్ అయ్యేటప్పుడు ఫర్మ్‌వేర్ (అంటే బయోస్) హార్డ్‌వేర్ వివరాలుండే కొన్ని ఏసీపీఐ పట్టికలను కెర్నెల్ చేతికిస్తుంది. ఏ సీపీయూ, ఏ మెమరీ ఏ నోడ్‌వో ఎస్ఆర్ఏటీ చెబుతుంది. నోడ్ల మధ్య దూరం ఎస్ఎల్ఐటీలో ఉంటుంది. సొంత మెమరీకి 10 అనుకుని మిగతావి దాంతో పోల్చి రాస్తారు. కాగితం మీద 21 అంటే 2.1 రెట్లు. నిజంగా కొలిస్తే చాలా సర్వర్లలో తేడా అంతకన్నా తక్కువే ఉంటుంది.

కెర్నెల్ ఈ పట్టికను పైపైనే పరీక్షిస్తుంది. సొంత నోడ్‌కు సరిగ్గా 10 ఉందా, మిగతావన్నీ 10 దాటాయా అని చూస్తుంది. లేకపోతే పట్టిక చెల్లదని లాగ్‌లో రాసి, 10, 20 అనే విలువలతో పని కానిస్తుంది. అంకెలు నిజమో కాదో మాత్రం కొలిచి చూడదు. సొంత నోడ్‌లో మెమరీ అయిపోతే ముందు ఎటు వెళ్లాలో ఈ దూరాలను బట్టే నిర్ణయిస్తుంది కాబట్టి, ఫర్మ్‌వేర్ తప్పు రాస్తే ఆ భారం మీ అప్లికేషన్ మీదే పడుతుంది.

అసలు వేగాలు చెప్పేది హెచ్ఎమ్ఏటీ అనే మరో ఏసీపీఐ పట్టిక. ఇది 2017లో ఏసీపీఐ 6.2తో వచ్చింది, 2019లో లినక్స్ 5.2 దాన్ని చదవడం మొదలుపెట్టింది. కెర్నెల్ తన సమాచారాన్ని ఫైళ్లుగా చూపే సిస్ఎఫ్ఎస్‌లో మీ కార్డు నోడ్ ఫోల్డర్ తెరిచి, యాక్సెస్0లోని ఇనిషియేటర్స్ చూడండి. రీడ్ లేటెన్సీ (చదవడంలో ఆలస్యం) నానోసెకన్లలో, బ్యాండ్‌విడ్త్ సెకనుకు మెగాబైట్లలో కనిపిస్తాయి. ఆ ఫైళ్లే లేవంటే కెర్నెల్‌కు ఆ సమాచారం అందలేదన్నమాట.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. లినక్స్ 6.7 నుంచి కెర్నెల్ ఈ వివరాలతో మెమరీని వేగాన్ని బట్టి అంచెలుగా విడదీస్తుంది. సీఎక్స్‌ఎల్ పరికరాలు తమ వేగాన్ని సీడీఏటీ అనే సొంత పట్టికలోనూ చెబుతాయి, కొత్త కెర్నెళ్లు దాన్నీ లెక్కలోకి తీసుకుంటాయి. అయితే బయోస్ ఆ కార్డును మామూలు ర్యామ్‌లా చూపించి, హెచ్ఎమ్ఏటీ ఇవ్వకపోతే మాత్రం కెర్నెల్ దాన్ని డీర్యామ్‌తో (సర్వర్ అసలు ర్యామ్‌తో) ఒకే అంచెలో వేసేస్తుంది. అప్పుడు వాడని పేజీలు (మెమరీ ముక్కలు) ఆ కార్డులోకి దిగవు. ఎవరికీ కారణం అంతుబట్టని నెమ్మది ఇలాగే వస్తుంది. అంచెలు సరిగ్గా ఉన్నా సరే, వాడని పేజీలను కిందికి దింపే డిమోషన్ ఎనేబుల్డ్ అనే స్విచ్ మీరే ఆన్ చేయాలి. వాడకం పెరిగిన పేజీలు తిరిగి పైకి రావాలంటే న్యూమా బ్యాలెన్సింగ్ అనే కెర్నెల్ సెట్టింగ్ విలువ 2 పెట్టాలి.

ఇవన్నీ మార్చే ముందు బయోస్ అప్‌డేట్ చేసి, సీపీయూను ఒక నోడ్‌కు, మెమరీని మరో నోడ్‌కు కట్టేసి మీ అసలు పనినే నడిపి టైమ్ చూడండి. పట్టికకూ దానికీ పొంతన కుదరకపోతే మీరు కొలిచిందే నమ్మండి.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ బూట్ లాగ్‌లో ‘నో న్యూమా కాన్ఫిగరేషన్ ఫౌండ్’ అని వస్తోంది. ఏమైనా పాడైందా?

జవాబు: ఏమీ పాడవలేదు. మెమరీ అంతా ఒకే చోట ఉంది కాబట్టి ఫర్మ్‌వేర్ నోడ్లను చెప్పే ఎస్ఆర్ఏటీ పట్టిక ఇవ్వలేదు. కెర్నెల్ మొత్తాన్నీ ఒకే నోడ్‌గా లెక్కేసుకుంది.