ప్రాథమిక సైనిక శిక్షణలో చేరేలోగా శరీరాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలి?

మీరు రాసిన దాన్నిబట్టి, శిక్షణలో చేరడానికి మీకు ఇంకా నాలుగు నెలల గడువు ఉంది. ఆగకుండా ఒక కిలోమీటరు పరుగెత్తలేకపోతున్నారు, పుషప్స్ ఎనిమిదికి మించి రావడం లేదు. అందుకని రేపటి నుంచే రోజూ ఉదయం ఐదు కిలోమీటర్ల పరుగు, సాయంత్రం జిమ్ మొదలుపెట్టాలనుకుంటున్నారు, అది సరైన పద్ధతేనా అని అడిగారు. నేను ఆ శిక్షణ పూర్తిచేసినవాణ్ణి. తర్వాత కొంతకాలం కొత్తగా చేరినవారి చేత వ్యాయామం చేయించే బాధ్యత కూడా నిర్వహించాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: నాలుగు నెలలు మంచి వ్యవధే. కానీ మీరు అనుకున్న విధంగా మొదలుపెడితే నెల తిరగకముందే కాళ్ళనొప్పులతో ఆగిపోయే ప్రమాదం ఉంది. మీరు గాయం లేకుండా శిక్షణకు చేరుకోవడం, ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తగలరన్న దానికంటే ముఖ్యమైన విషయం.

శిక్షణను బయటి నుంచి చూసేవారికి పరుగులూ పుషప్సే కనిపిస్తాయి. అసలు కష్టం రోజంతా కాళ్ళమీదే గడపవలసి రావడంలో ఉంది. తెల్లవారకముందే లేచి పిటి (సామూహిక వ్యాయామం) చేయడం, గంటల తరబడి డ్రిల్ (కవాతు) చేయడం, ఒక చోటి నుంచి మరొక చోటికి వడివడిగా వెళ్ళడం, కదలకుండా నిలబడటం, వీపున బరువుతో మార్చ్ చేయడం, రాత్రి కాపలా వంతు వల్ల సగంలో తెగిపోయే నిద్ర, ఇవన్నీ ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. ఎంపిక పరుగులో అందరికంటే ముందు వచ్చినవారు కూడా కొద్ది వారాలకే కుంటుతూ వైద్యుడి గది ముందు నిలబడటం నేను చాలాసార్లు చూశాను. వారి దమ్ములో ఏ లోటూ లేదు, అంత బరువును అన్ని గంటలు మోయడానికి ఎముకలూ స్నాయువులూ సిద్ధంగా లేవు, అంతే.

ఇందుకు కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. క్రమంగా పరుగెత్తడం మొదలుపెడితే గుండె, రక్తనాళాలు, కండరాలు కొన్ని వారాల్లోనే మెరుగుపడతాయి, ఎముకకు మాత్రం అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. అలవాటు లేని భారం పడినప్పుడు శరీరం ముందుగా పాత ఎముక భాగాన్ని కరిగించి తీసివేస్తుంది, ఆ తర్వాతే అక్కడ కొత్త ఎముకను పేరుస్తుంది. తీసివేతకు కొన్ని వారాలు, కొత్తది గట్టిపడటానికి కొన్ని నెలలు కావాలి. ఈ నడిమి కాలంలో ఎముక మామూలు కంటే బలహీనంగా ఉంటుంది, సరిగ్గా అప్పుడే దమ్ము పెరిగిందన్న ఉత్సాహంతో మనిషి పరుగు దూరాన్ని రెట్టింపు చేస్తాడు. ఇలా సైనికుల పాదాల్లో వచ్చే నొప్పిని ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ 1855లోనే వర్ణించారు. ఎక్స్‌రే వచ్చిన తర్వాత అది ఎముకలో ఏర్పడే సన్నని పగులు అని తేలింది. నేటికీ శిక్షణ మధ్యలో ఆగిపోవడానికి ఇటువంటి పగుళ్ళు ఒక ముఖ్య కారణం.

అందువల్ల మొదటి నెలంతా నడకనే ప్రధానంగా పెట్టుకోండి. వారంలో ఐదు రోజులు, ముప్పై నుంచి నలభై ఐదు నిమిషాలు, వేగంగా నడవండి. అందులో మూడు రోజులు, అవి కూడా వరుస రోజులు కాకుండా చూసుకొని, నడకలో పరుగును కలపండి: ఒక నిమిషం నెమ్మదిగా పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఏడెనిమిది సార్లు. పరుగెత్తుతూ పక్కవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు, మాట తెగిపోతుంటే తగ్గించాలి. ఇంత నెమ్మదిగా పరుగెత్తితే లాభమేమిటని చాలామంది అడుగుతారు, కానీ గుండెకూ కండరాలకూ ఓర్పు పెరిగేది ఎక్కువగా ఈ వేగంలోనే, పైగా మర్నాడు మళ్ళీ కదలడానికి ఒంట్లో సత్తువ మిగులుతుంది. వారం వారం పరుగు నిమిషాలు కొద్దిగా పెంచుతూ, నడక నిమిషాలు తగ్గిస్తూ వెళ్ళండి. ప్రతి నాలుగో వారం మొత్తం దూరాన్ని మూడో వంతు మేరకు తగ్గించి కాళ్ళకు తెరిపి ఇవ్వండి. రెండో నెల చివరికి ఇరవై ఐదు, ముప్పై నిమిషాలు ఆగకుండా నెమ్మదిగా పరుగెత్తగలిగే స్థితికి ఎక్కువమంది చేరుకుంటారు. కొందరికి మరో రెండు వారాలు పట్టవచ్చు, అంతమాత్రాన తొందరపడి దూరం పెంచనవసరం లేదు.

వేగం సంగతి మూడో నెలలో చూడవచ్చు. చాలా సైన్యాలు పరీక్షగా పెట్టే దూరం ఒకటిన్నర మైళ్ళు, అంటే సుమారు 2.4 కిలోమీటర్లు. దానికోసం వారానికి ఒక్క రోజు మాత్రం 400 మీటర్ల దూరాన్ని కొంత కష్టపడి పరుగెత్తి, రెండు మూడు నిమిషాలు నడిచి, మళ్ళీ పరుగెత్తండి. నాలుగుసార్లతో మొదలుపెట్టి ఆరు, ఎనిమిది వరకు పెంచవచ్చు. మిగిలిన రెండు రోజులూ పాత నెమ్మది పరుగే. ఎంత ముందుకు వచ్చారో తెలుసుకోవడానికి అమెరికా వైమానిక దళ వైద్యుడు కెన్నెత్ కూపర్ 1968లో ప్రకటించిన పన్నెండు నిమిషాల పరుగు నాకు తెలిసినవాటిలో చాలా సులువైన కొలత. పన్నెండు నిమిషాల్లో ఎంత దూరం వెళ్ళగలిగారో నెలకోసారి కొలిచి రాసిపెట్టుకోండి. మీరు చేరబోయే దళం అధికారికంగా ప్రకటించిన ప్రమాణాలను కూడా ఇప్పుడే తెప్పించుకొని పక్కన పెట్టుకోండి, ఎందుకంటే పరీక్షలో ఏయే అంశాలుంటాయో ఒక్కొక్క దళానికి ఒక్కొక్క రకంగా ఉంటుంది.

బలం విషయంలో ఎక్కువమంది చేసేది రోజూ ఒళ్ళు పడిపోయేదాకా పుషప్స్ తీయడం. నేను దాన్ని ప్రోత్సహించను. మీ గరిష్ఠం ఎనిమిది అయితే, ఒక్కో విడతకు నాలుగు లేదా ఐదు మాత్రమే, శరీరం తల నుంచి మడమల దాకా ఒకే గీతలో ఉండేలా తీయండి. మధ్యలో బాగా విశ్రాంతి తీసుకుంటూ ఐదారు విడతలు పూర్తిచేయండి, వారానికి మూడు నాలుగు రోజులు చాలు. నడుము జారిపోతుంటే చేతులను బల్లమీదనో మెట్టుమీదనో ఆనించి చేయండి. శిక్షకులు లెక్కపెట్టేది సరైన భంగిమలో తీసినవాటినే కాబట్టి, సగం దిగి లేచే అలవాటు ఇప్పుడే చేసుకుంటే అక్కడ ఇబ్బంది పడతారు. పులప్స్ (పైనున్న కడ్డీ పట్టుకొని ఒంటిని పైకి లాగడం) ఒక్కటి కూడా రానివారు స్టూలు ఎక్కి గడ్డం కడ్డీ పైకి వచ్చేలా పట్టుకొని, నాలుగైదు సెకన్ల పాటు నెమ్మదిగా కిందికి దిగడం సాధన చేయాలి. ఊరికే కడ్డీకి వేలాడటం కూడా పట్టును పెంచుతుంది, ఆ పట్టు అడ్డంకుల మైదానంలో తాడు ఎక్కేటప్పుడు అక్కరకు వస్తుంది.

కాళ్ళకు, నడుముకు చేసే కసరత్తులను మాత్రం దయచేసి వదలకండి, ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేది వీటినే. గుంజీలు తీసినట్టు నిండుగా కూర్చుని లేవడం, ఒక్కో కాలితో మెట్టు ఎక్కి దిగడం, ఒక అడుగు ముందుకు వేసి మోకాలు వంచి దిగడం, మునివేళ్ళ మీద లేచి నెమ్మదిగా మడమలు దించడం, వెల్లకిలా పడుకొని మోకాళ్ళు మడిచి తుంటిని పైకెత్తడం, ప్లాంక్ (మోచేతులు, మునివేళ్ళ మీద ఒంటిని నిటారుగా నిలిపి ఉంచడం), వీటిని వారానికి రెండు రోజులు చేస్తే సరిపోతుంది. మునివేళ్ళ కసరత్తును మోకాలు నిటారుగా ఉంచి కొన్నిసార్లు, కొద్దిగా వంచి కొన్నిసార్లు చేయాలి, ఎందుకంటే పిక్కలోని రెండు పెద్ద కండరాలూ వేర్వేరు స్థితుల్లో పనిచేస్తాయి. మార్చ్ చేస్తున్నప్పుడు మోకాలి కింది ఎముక మీద పడే ఒత్తిడిలో కొంత భాగాన్ని ఈ కండరాలే భరిస్తాయి. జిమ్‌కు వెళ్ళగలిగితే మంచిదే, వెళ్ళలేకపోయినా వెనకబడిపోరు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అలవాటు లేని కసరత్తును ఒకేసారి వందలకొద్దీ చేస్తే కండర కణాలు చిట్లి, వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. మామూలు నొప్పికి మించి కండరాలు వాచి, మూత్రం ముదురు గోధుమరంగులోకి మారితే రేపటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. సవాలు పేరుతో ఒక్క రోజులో వెయ్యి పుషప్స్ తీయమనే వీడియోలను చూసి ప్రయత్నించవద్దని కొత్తవారికి నేను ప్రత్యేకంగా చెబుతూ ఉంటాను.

బూట్లు, బరువు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. శిక్షణలో ధరించబోయే రకం బూట్లు ముందే దొరికితే, మొదట ఇంట్లో, తర్వాత చిన్న నడకల్లో వేసుకొని పాదాలకు అలవాటు చేయండి. బొబ్బలు రావడానికి కారణం తేమ, రాపిడి. చెమటను పీల్చి ఆరిపోయే సాక్సులు వేసుకోవడం, లోపల పలుచని జత మీద మరో జత తొడగడం, గోళ్ళను అడ్డంగా కత్తిరించడం, ఎక్కడైనా వేడిగా మండుతున్నట్టు అనిపించిన వెంటనే ఆగి అక్కడ టేపు అంటించడం, ఇవి చిన్న పనులే అయినా నడవలేని స్థితి రాకుండా కాపాడతాయి. బరువుతో నడవడం మూడో నెలలో మొదలుపెట్టండి: వీపు సంచిలో ఐదు కిలోలు, వారానికి ఒక్కసారి, ముప్పై నిమిషాలు. తర్వాత ఒక వారం దూరం పెంచితే మరో వారం బరువు పెంచండి, రెండూ ఒకేసారి పెంచవద్దు. సంచి వీపుకు ఆనుకొని, బరువైన వస్తువులు పైభాగంలో వెన్నుకు దగ్గరగా ఉండాలి. బరువుతో పరుగెత్తడాన్ని మాత్రం నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఈ దశలో దానివల్ల వచ్చే లాభం కంటే మోకాళ్ళకూ పాదాలకూ జరిగే హాని ఎక్కువ. డ్రిల్‌లో నిమిషానికి సుమారు 120 అడుగులు వేయవలసి వస్తుంది. పొట్టిగా ఉన్నవారు పక్కవారితో సమానంగా ఉండాలని సాగదీసి అడుగులు వేయడం, ముఖ్యంగా మహిళల్లో, కటి ఎముకల పగుళ్ళకు ఒక కారణమని సైనిక వైద్యులు గుర్తించారు. కాబట్టి వేగంగా నడిచేటప్పుడు అడుగులు పొడవు చేయకుండా సంఖ్య పెంచడం ఇప్పటినుంచే సాధన చేయండి.

వేడిలో శ్రమకు శరీరం అలవాటుపడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. మీ శిక్షణ వేసవిలో మొదలయ్యేలా ఉంటే, చివరి నెలలో కొన్ని నడకలను ఎండ ఉన్న సమయానికి మార్చుకొని, కొద్ది నిమిషాలతో ప్రారంభించి పెంచండి. నీళ్ళు తాగడం ఎంత అవసరమో, హద్దు మీరి తాగడం అంత ప్రమాదం, ఎందుకంటే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అమెరికా సైన్యం తన సూచనల్లో గంటకు సుమారు 1.4 లీటర్లు, రోజుకు సుమారు 11 లీటర్లు మించకూడదని పరిమితి పెట్టింది, అది గరిష్ఠ హద్దు మాత్రమే. ఎండలో శ్రమిస్తున్న తోటివాడు తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది వడదెబ్బ కావచ్చు. సహాయం కోసం పిలుస్తూనే అతణ్ణి నీడకు చేర్చి, చల్లని నీళ్ళలో ముంచడమో ఒళ్ళంతా నీళ్ళు పోయడమో వెంటనే చేయాలి.

తిండి గురించి నేను కొత్తగా చెప్పేది పెద్దగా లేదు. కడుపునిండా, మాంసకృత్తులకు లోటు లేకుండా తినండి. బరువు తగ్గాలంటే ఈ నాలుగు నెలల్లో నిదానంగా తగ్గండి, చివరి వారాల్లో ఉపవాసాలు చేయవద్దు. తక్కువ తిని ఎక్కువ శ్రమించేవారి ఎముకలే త్వరగా దెబ్బతింటాయి. మహిళలు ఇనుము లోపం ఉందేమో రక్తపరీక్షతో ముందే చూపించుకోవడం మంచిది. అమెరికా నౌకాదళంలో చేరిన మహిళల మీద జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో కాల్షియం, విటమిన్ డి ఇచ్చినవారిలో ఎముక పగుళ్ళు సుమారు 20 శాతం తగ్గాయి, అయితే మాత్రలు మీకు అవసరమా అన్నది వైద్యుడే చెప్పాలి. పొగ తాగే అలవాటు ఉంటే ఈ రోజే మానండి, పొగ తాగేవారికి శిక్షణలో గాయాలు ఎక్కువని పలు సైన్యాల అధ్యయనాలు చూపించాయి. వ్యాయామానికి ముందు కండరాలను సాగదీసి పట్టి ఉంచడం వల్ల గాయాలు తగ్గుతాయన్న నమ్మకం మాత్రం, ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరినవారి మీద జరిపి 2000లో ప్రచురించిన పరిశీలనలో నిలబడలేదు. ఐదు నిమిషాలు నడిచి, నెమ్మదిగా వేగం పెంచుకుంటే ఒళ్ళు వేడెక్కుతుంది, అది చాలు.

చివరి పది రోజుల్లో కొత్తగా సాధించేది ఏమీ ఉండదు. పరుగు దూరాన్ని సగానికి తగ్గించండి, బరువు నడక ఆపేయండి, శిక్షణలో లేవవలసిన వేళకే లేవడం, త్వరగా పడుకోవడం మొదలుపెట్టండి. అలసిన కాళ్ళతో చేరేవారికి మొదటి వారం నుంచే కష్టాలు మొదలవుతాయి.

చేరిన తర్వాత నొప్పిని దాచవద్దు. బ్యాచ్ నుంచి వెనక్కి పంపేస్తారేమోనన్న భయంతో నొప్పిని దాచి, మాత్రలు మింగి పరుగెత్తినవారిని నేను చూశాను. మొదటి వారంలోనే చెప్పి ఉంటే కొద్ది రోజుల విశ్రాంతితో పోయేది, నెలల తరబడి చికిత్సగా మారినప్పుడు వారు పడిన వేదన నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. మోకాలి కింద ఎముక పొడవునా సలుపుతూ, ఒళ్ళు వేడెక్కాక తగ్గే నొప్పి సాధారణంగా భారం తగ్గిస్తే నయమవుతుంది. వేలితో నొక్కితే ఒకే బిందువు దగ్గర పొడిచినట్టు ఉండి, నడిచేకొద్దీ పెరుగుతూ, రాత్రి పడుకున్నా వదలని నొప్పి పగులు కావచ్చు. తొలి వారాల్లో మామూలు ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు కాబట్టి, ఎక్స్‌రే బాగుందన్న మాటతో సరిపెట్టుకోకుండా నొప్పి ఉన్నంతకాలం మళ్ళీ వైద్యుడికి చూపించుకోవాలి.

ఈ నాలుగు నెలల సాధనలోనే అటువంటి నొప్పి మొదలైతే పరుగు పూర్తిగా ఆపి, ఈత లేదా సైకిలు మీదికి మారి, వైద్యుడికి చూపించండి. ఛాతీలో నొప్పి, శ్రమలో కళ్ళు తిరిగి పడిపోవడం, కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో గుండె ఆగి మరణించి ఉండటం, వీటిలో ఏదైనా ఉంటే సాధన మొదలుపెట్టకముందే గుండె పరీక్ష చేయించుకోండి. చేరే తేదీ దగ్గరపడినా కాలు నయం కాకపోతే ఆ విషయాన్ని వైద్యుడి కాగితంతో సహా నియామక అధికారికి తెలిపి, తరువాతి బ్యాచ్‌కు మార్చమని అడగండి.