ముత్తాత వీలునామా ఎక్కడ వెతకాలి?

వంశవృక్షం రాసుకుంటున్న పాఠకుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలకు జవాబులు.

ప్రశ్న: మా ముత్తాత 1930ల్లో వీలునామా రాశారని మా మామ్మ చెప్పేది. ఇంట్లో కాగితం లేదు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయిస్తే అందులో ఏమీ రాలేదు. అంటే రిజిస్టరు చేయించలేదనే అనుకోవాలా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: అలా అనుకోకండి. ఈసీలో వీలునామా రాదు. స్థిరాస్తి క్రయాలు, తనఖాలు, పంపకాలు ఒకటో నంబరు పుస్తకంలో ఎక్కుతాయి, ఈసీ తయారయ్యేది దాని నుంచే. వీలునామాలకూ దత్తత అధికార పత్రాలకూ 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద మూడో నంబరు పుస్తకం, దానికి మూడో నంబరు ఇండెక్సు విడిగా ఉంటాయి. పైగా ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే. అంతకు ముందువన్నీ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చేత్తో వెతకాల్సినవే.

రాసిన మనిషి బతికుండగా మూడో పుస్తకం నకలు ఆయనకో ఆయన ఏజెంటుకో తప్ప ఎవరికీ ఇవ్వరు. పోయాక ఎవరు అడిగినా ఇవ్వాలని 57వ సెక్షన్ చెబుతోంది. దరఖాస్తుకు మరణ ధ్రువపత్రం జత చేస్తే సరిపోతుంది. అది లేకపోతే పుట్టిన సంవత్సరం తెలిపే ఏదైనా పాత కాగితం చూపి, ఈ వయసుదాకా బతికుండే అవకాశం లేదని రాసి అడగండి. ఈసీ కావాలని కాకుండా, మూడో ఇండెక్సులో ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా వెతికి, దొరికిన నమోదుకు నకలు ఇవ్వండని స్పష్టంగా రాయాలి. రుసుం ఏడాది లెక్కన పడుతుంది కాబట్టి మొదట పదేళ్ళకు మించి అడగకపోవడం మేలు.

ఎక్కువమంది తప్పేది ఆఫీసు దగ్గర. భూమి దస్తావేజును భూమి ఉన్న పరిధిలోనే రిజిస్టరు చేయాలి, వీలునామాను మాత్రం ఏ ఆఫీసులోనైనా చేయించుకోవచ్చు. అందుకని కాపురమున్న ఊరితో ఆగకండి. చివరి రోజుల్లో ఉన్న కూతురి ఊరు, వైద్యానికి వెళ్ళిన పట్నం, ఉద్యోగం చేసిన చోటు కూడా చూడండి. ఆయన పోయాక వారసులు తెచ్చి రిజిస్టరు చేయించి ఉండవచ్చు, వీలునామాకు గడువు లేదు. కాబట్టి మరణం తర్వాతి ఏళ్ళనూ వదలొద్దు. సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రారుకు అప్పగించే పద్ధతి కూడా ఉంది. దానికి అయిదో పుస్తకం చూడమని జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులోనే అడగాలి.

ఇండెక్సులో ఒక్క పేరుతో వెతికితే నష్టం. మన వైపు సింహాద్రి అప్పన్న, అరసవల్లి సూర్యనారాయణ, పైడితల్లమ్మ పేర్లు ఇంటికొకటి. ఏ ఊళ్ళో చూసినా నలుగురు అప్పలస్వాములు ఉంటారు. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు మూడూ కలిస్తేనే మీ మనిషి. ఇంటిపేరు మొదటి అక్షరం కిందా, అసలు పేరు మొదటి అక్షరం కిందా రెండు చోట్లా చూడమనండి.

ఇవన్నీ చూశాక కూడా దొరకలేదంటే, అసలు వీలునామా రాసే అవసరం ఆయనకు ఉందా అని ఆలోచించండి. 1956 హిందూ వారసత్వ చట్టానికి ముందు, కొడుకులతో ఉమ్మడిగా ఉన్న మనిషికి పిత్రార్జితంలో తన వాటాను వీలునామాగా రాసే హక్కు లేదు. ఆ రోజుల్లో వీలునామాలు రాసింది ఎక్కువగా కొడుకులు లేనివాళ్ళు, విడిపోయినవాళ్ళు, స్వార్జితం ఉన్నవాళ్ళు. మీ ముత్తాతకు ముగ్గురు కొడుకులుంటే మామ్మగారు ‘వీలునామా’ అన్నది నిజానికి భాగ పంపకం దస్తావేజు కావచ్చు. నా అభిప్రాయంలో వంశవృక్షానికి వీలునామా కంటే అదే మేలు. అన్నదమ్ములందరూ, మైనర్ల వయసులు, వాళ్ళ గార్డియన్లు, వితంతువైన తల్లికి మనోవర్తి, ఒక్కోసారి ఆడపిల్లలకు పసుపు కుంకుమ కింద విడిచిన చెక్క, అన్నీ ఒకేచోట ఉంటాయి. అది ఒకటో పుస్తకంలో ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు.

ఇంకొకటి, వీలునామా తేదీని మరణ తేదీగా రాసుకోకండి. రాశాక ఇరవై ఏళ్ళు బతికినవాళ్ళున్నారు, మధ్యలో రద్దు చేసుకున్నవాళ్ళూ ఉన్నారు.

ప్రశ్న: జిల్లా కోర్టులో ప్రొబేటు (వీలునామా నిజమైనదని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) కోసం వెతకమని ఒకరు చెప్పారు. ఉపయోగం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: తక్కువ. హిందువుల వీలునామాలకు ప్రొబేటు తప్పనిసరి అన్న నియమం మద్రాసు నగరానికి ఉండేది, మన జిల్లాలకు కాదు. మద్రాసులో ఇల్లో స్థలమో ఉన్న కుటుంబమైతేనే ఆ దారి. కోర్టులో వెతకదగ్గది ఆస్తి తగాదా. భాగం కోసం వేసిన దావాలో ప్లెయింటు (దావా వేసినవాళ్ళ ఫిర్యాదు పత్రం) వెంట వంశవృక్షం పెడతారు. దావా నంబరు, సంవత్సరం తెలిస్తే నకలుకు దరఖాస్తు చేయండి. సాక్ష్యాల కట్టలను కొన్నేళ్ళకు తీసేసినా తీర్పు, డిక్రీ మిగిలి ఉండే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లె. ఒక కాగితంలో విశాఖపట్నం జిల్లా, ఇంకోదానిలో శ్రీకాకుళం, ఇప్పుడు విజయనగరం. మూడూ మా ఊరేనా?

జవాబు: మూడూ మీ ఊరే. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడే దాకా మీది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి విజయనగరం. విజయనగరం జిల్లా పుట్టింది 1979 జూన్ 1న కాబట్టి అంతకు ముందు కాగితంలో ‘విజయనగరం’ అని ఉంటే అది తాలూకానో జమీందారీనో అవుతుంది. పాలకొండ, పార్వతీపురం, సాలూరు వాళ్ళకు 2022 తర్వాత జిల్లా పేరు పార్వతీపురం మన్యం.

శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, సోంపేట వాళ్ళకు చిక్కు ఇంకా ఎక్కువ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా వాళ్ళది గంజాం జిల్లా. కలెక్టరు కచేరీ ఛత్రపురంలో, జిల్లా కోర్టు బరంపురంలో ఉండేవి. ఆ కాలపు జిల్లా స్థాయి కాగితం శ్రీకాకుళంలో దొరకకపోతే పోయిందని కాదు, ఒడిశాలో ఉండొచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ స్థాయి ఫైళ్ళు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. వెళ్ళే ముందు ఊరి పేరు ఎదురుగా ఏ ఏట ఏ తాలూకా, ఏ జిల్లా అన్న పట్టిక వేసుకోండి. దరఖాస్తులో పాత తాలూకా పేరు రాయకపోతే గుమాస్తా ఇప్పటి మండలం బీరువాలో చూసి లేదనేస్తాడు.

ప్రశ్న: మా తాతగారు 1920 ప్రాంతంలో బొబ్బిలి దగ్గర పుట్టారు. పంచాయతీలో జనన రిజిస్టరు లేదంటున్నారు. ఇంకేం చేయాలి?

జవాబు: ముందుగా, ఆయన నిజంగా ఆ ఊళ్ళోనే పుట్టారా? తొలిచూలు కాన్పు పుట్టింట్లో జరగడం మనకు ఆనవాయితీ. తాతగారు ఇంటికి పెద్దకొడుకైతే వాళ్ళ అమ్మమ్మగారి ఊరి రిజిస్టరే ముందు చూడాలి.

రెండోది, ఆయన పేరుతో వెతకొద్దు. బారసాలకు ముందే నమోదు జరిగిపోయేది కాబట్టి బిడ్డ పేరు గడి చాలాచోట్ల ఖాళీగా ఉంటుంది. తండ్రి పేరు, ఆడో మగో, తేదీ, కులం, వృత్తి చూసి పోల్చుకోవాలి. మీరనుకున్న ఏడాదికి ముందు మూడేళ్ళు, తర్వాత మూడేళ్ళు తిరగేయండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ జననాలు కూడా రాసుకుంటూ పోతే, వాటి మధ్య ఖాళీలో ఆయన ఎక్కడ పడతారో తెలుస్తుంది.

మూడోది రిజిస్టరు ఎక్కడుందనేది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1899 జనన మరణాల నమోదు చట్టం ప్రభుత్వం నోటిఫై చేసిన చోట్లకే వర్తించేది, కాబట్టి కొన్ని పల్లెలకు పాత రిజిస్టరు అసలు ఉండకపోవచ్చు. ఉన్నచోట గ్రామ మునసబు, కరణం రాసేవారు. 1984లో ఆ పదవులు రద్దయ్యాయి, మరుసటి ఏడు మండలాలు వచ్చాయి. ఆ చేతులు మారడంలోనే ఎన్నో కట్టలు చెదిరిపోయాయి. పంచాయతీలో లేకపోతే తహసీల్దారు కార్యాలయపు రికార్డు గదిలో పాత తాలూకా పేరుతో అడగండి. లేదంటే ‘అలభ్య ధ్రువపత్రం’ రాయించుకోండి. నోటిమాటగా లేదన్నదానికి విలువ లేదు.

బడి అడ్మిషన్ రిజిస్టరు ఉంటే చూడండి, కానీ జులై 1 అని పుట్టిన తేదీ కనిపిస్తే అది పంతులుగారు బడిలో చేర్చుకునేటప్పుడు వేసిన లెక్క అనుకోండి. సంవత్సరం కూడా ఒకటి రెండు అటూ ఇటూ ఉంటుంది.

ఎప్పుడో జరిగిన మరణాన్ని ఇప్పుడు నమోదు చేయించుకోవచ్చా అని కూడా కొందరు అడిగారు. ఏడాది దాటినదానికి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. మన దగ్గర దరఖాస్తు ఆర్డీఓకి వెళ్తుంది. ఆస్తి పనికి అది చెల్లుతుంది. వంశచరిత్రకు మాత్రం అది మీరు చెప్పిన మాటే మీకు తిరిగి రావడం, కొత్త ఆధారం కాదు.

ప్రశ్న: దొరికిన వీలునామాలో ‘క్రోధన నామ సంవత్సర మాఘ…’ అని, ‘ఫసలీ 1335’ అని ఉంది. రాత గొలుసుకట్టు. ఎలా చదవాలి?

జవాబు: ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, దానికి 590 కలపండి. 1335 అంటే 1925 జులై 1 నుంచి 1926 జూన్ 30 దాకా. క్రోధన 1925 ఉగాది నుంచి 1926 ఉగాది దాకా. మాఘం ఏడాది చివర్న వస్తుంది కాబట్టి మీ కాగితం 1926 మొదటి నెలలది. రెండు లెక్కలూ కలిశాయి, తేదీ నమ్మొచ్చు. ఫసలీ లేకుండా సంవత్సరం పేరే ఉంటే అరవై ఏళ్ళకొకసారి అదే పేరు వస్తుంది. క్రోధన 1865 కావచ్చు, 1925 కావచ్చు. మనుషుల వయసులతో సరిచూడాలి. క్రోధన, క్రోధి ఒకటి కావు, క్రోధి 1904లోనూ 1964లోనూ వచ్చింది. విరోధి (1889, 1949), విరోధికృతు (1911, 1971) కూడా ఇలాగే తారుమారవుతాయి.

గొలుసుకట్టును పేర్ల దగ్గర మొదలుపెట్టకండి. హద్దుల పేరా ముందు చదవండి. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అన్న వరస అన్ని దస్తావేజుల్లో ఒకటే. ఆ తెలిసిన మాటల్లో కరణం ‘త’ ఎలా రాశాడు, ‘ద’ను దేనితో కలిపాడు అని ఒక కాగితం మీద అక్షరాల పట్టీ చేసుకుంటే పేర్లు వాటంతటవే విడతాయి. హద్దుల్లో వచ్చే పొరుగు భూమి ఆసాములు తరచుగా దాయాదులే అవుతారు, వాళ్ళనూ రాసుకోండి. చివర్న ‘దస్తూరి’ అన్నచోట ఉన్న పేరు రాసిపెట్టిన మనిషిది. దాన్ని సాక్షుల్లో కలపకండి. ‘నిశాని’ అంటే సంతకం రానివాళ్ళ గుర్తు.

ప్రశ్న: మా పూర్వీకులది ఈనాం భూమి. జమీందారీ కాలంలో ఏ రికార్డులు చూడాలి?

జవాబు: జమీందారీ ఊళ్ళకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్‌మెంటుతోనే సర్కారీ భూమి లెక్కలు మొదలయ్యాయి, తహసీల్దారు దగ్గర ఎస్.ఎఫ్.ఎ. (సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్) అడగండి. రైత్వారీ (రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే) ఊళ్ళకైతే డైగ్లాట్, అంటే ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లో రాసిన పాత భూమి రిజిస్టరు. ఈనాం ఉంటే మాత్రం మీరు అదృష్టవంతులు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ప్రతి ఈనాంనూ విచారించి ఫెయిర్ రిజిస్టరు రాయించింది. ఎవరికి మొదట ఇచ్చారు, అప్పటి ఆసామీ పేరు, వయసు, మొదటి గ్రహీతకు ఏమవుతాడు అన్నవి అందులో ఉంటాయి. ఒక్క పేజీతో రెండు మూడు తరాలు వెనక్కి వెళ్ళొచ్చు. టి.డి. (టైటిల్ డీడ్) నంబరు, ఊరు పేరు రాసి నకలు అడగాలి. తద్దినంలో చెప్పే మూడు తరాల పేర్లు మీ ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే దానితో సరిపోల్చండి.

ప్రశ్న: మా పెదతాత కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్ళి తిరిగి రాలేదు. ఆచూకీ దొరుకుతుందా?

జవాబు: రంగూనే అయితే కష్టం. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం, పాస్‌పోర్టు అవసరం లేదు. మేస్త్రీల వెంట వెళ్ళిన కూలీలకు మనిషికొక కాగితం ఉండేది కాదు. ఇక్కడి వైపు నుంచి చూడండి. ఆయన వాటా పంపకంలో ఎవరి పేర వెళ్ళింది, భార్య ఏ ఏటి కాగితంలో వితంతువుగా కనిపిస్తుంది అన్నది ఒకటో పుస్తకంలో తెలుస్తుంది.

వెళ్ళింది నిజంగా రంగూనేనా అని కూడా ఇంట్లో మళ్ళీ అడగండి. 1860–1911 మధ్య మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్ళిన ఒప్పంద కూలీల ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు కూడా ఉన్నాయి. మారిషస్ వెళ్ళినవాళ్ళ రికార్డులు అక్కడి మోకాలో మహాత్మాగాంధీ సంస్థ దగ్గరున్నాయి. ఈ జాబితాలు ఇంగ్లీషు గుమాస్తాలు విన్నట్టు రాసినవి. అప్పన్న పేరు నాలుగు రకాలుగా కనిపిస్తుంది. అందుకే మనిషి పేరు కాకుండా ముందు ఊరి పేరుతో, తర్వాత తండ్రి పేరుతో వడపోయండి.

ప్రశ్న: మేము మిషను కాలం నుంచి బాప్టిస్టు క్రైస్తవులం. చర్చి రిజిస్టరులో మా తాతమ్మ బాప్తిస్మం తేదీ దొరికింది. దాన్ని పుట్టిన తేదీగా తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. బాప్టిస్టులలో బాప్తిస్మం పెద్దయ్యాకే ఇస్తారు, పసిబిడ్డకు కాదు. ఆ తేదీకి ఆమె పదిహేనేళ్ళదో నలభై ఏళ్ళదో కావచ్చు. అదే చర్చిలో పెళ్ళి రిజిస్టరు అడగండి. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం రాసినదైతే వధూవరుల వయసు, ఇద్దరి తండ్రుల పేర్లు అందులో ఉండాలి.