కోడింగ్ రాదు, వేరే ఊరు వెళ్లలేను. ఇంటి నుంచి పని దొరుకుతుందా?

ఇంట్లో మంచం పట్టిన మనిషిని వదిలి వెళ్లడం కుదరదు, టెక్నికల్ చదువు లేదు, ఇంటి నుంచి చేసే పని నిజంగా ఉంటుందా అని అడిగారు. ఉంటుందండీ. అమ్మను చూసుకోవడానికి ఆఫీసు ఉద్యోగం మానేసిన దగ్గర్నుంచి నేను ట్రాన్స్‌క్రిప్షన్ (ఆడియో విని టైప్ చేయడం), సబ్‌టైటిల్స్, ప్రూఫ్‌రీడింగ్ (రాసినదాంట్లో తప్పులు దిద్దడం) చేస్తున్నాను.

మీ పరిస్థితిలో "ఇంటి నుంచి" అన్నదానికన్నా "మధ్యలో లేవొచ్చా" అన్నదే ముఖ్యం. చాట్‌లోనో ఫోన్‌లోనో చేసే కస్టమర్ సపోర్ట్ కూడా ఇంటి నుంచే చేస్తారు. కానీ షిఫ్ట్ అయ్యేదాకా కుర్చీ వదలడానికి ఉండదు. మందుల వేళకి లేవాల్సిన వాళ్లకి అది ఆఫీసుకన్నా టెన్షన్. గడువులోగా అప్పగిస్తే చాలు అనే పనులు వెతకండి: ప్రూఫ్‌రీడింగ్, అనువాదం, సబ్‌టైటిల్స్, చిన్న వ్యాపారాల లెక్కలు రాయడం, మెయిల్స్‌కి జవాబులివ్వడం. "రిమోట్" అని ఉన్నా కొన్ని ఉద్యోగాలు ఫలానా దేశంలో ఉండేవాళ్లకే ఇస్తారు, అదీ చూసుకోండి.

నాకు మొదటి పని ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకలేదు. పాత ఆఫీసులో నాతో పనిచేసినావిడ ఇప్పించారు. తెలిసినవాళ్లకి మెసేజ్ పెట్టేటప్పుడు "ఏదైనా పని ఉంటే చెప్పండి" అంటే ఎవరికీ ఏమీ తట్టదు. "ఇంటర్వ్యూ ఆడియో పంపితే టైప్ చేసి, తప్పులు దిద్ది, రెండు రోజుల్లో ఇస్తాను" అని రాస్తే, అలాంటి అవసరం వచ్చిన రోజున మీరే గుర్తొస్తారు. ఇప్పటిదాకా జీతం తీసుకుని చేసిన పనుల్లోంచే ఒకటి ఎంచుకుని ఇలా రాయండి. కొత్తగా కోర్సులు కొనడం కన్నా అది మేలు.

అప్‌వర్క్, ఫైవర్ లాంటి, ఫ్రీలాన్స్ పనులు దొరికే వెబ్‌సైట్లు కూడా వాడండి, కాకపోతే లెక్క తెలుసుకుని వాడండి. ఫైవర్ మీ సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది. పని పూర్తయ్యాక డబ్బు చేతికి రావడానికి మామూలుగా 14 రోజులు ఆగాలి. అప్‌వర్క్‌లో పనికి అప్లై చేయాలన్నా కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చవుతాయి. అందుకే కనిపించిన ప్రతి పనికీ అప్లై చేయకుండా, మీరు బాగా చేయగలిగిన వాటికే, ఆ క్లయింట్ రాసిన వివరాలు చదివి జవాబు రాయండి.

రేటు దగ్గర చాలామంది నష్టపోతారు. గంట ఆడియో అంటే గంట పని కాదు. స్పష్టంగా ఉన్న ఆడియోకే కొత్తలో నాలుగు గంటలు పడుతుంది, ఒకరి మీద ఒకరు మాట్లాడుతుంటే ఇంకా ఎక్కువ. ఆడియో నిమిషానికి ఇంత అని చెప్పినప్పుడు, మీ గంటకి ఎంత పడుతుందో ముందు లెక్కేసుకోండి. ఇప్పుడు మామూలు ఆడియోని ఏఐ టైప్ చేసేస్తోంది కాబట్టి, దాని తప్పులు దిద్దే పని పెరిగింది. పేర్లు, యాసలు, వైద్యం, కోర్టు విషయాలు ఉన్నచోట మనిషి చెవి ఇంకా కావాలి. ఆ వైపు వెళ్తేనే నిలకడగా పని ఉంటుందని నా నమ్మకం.

సబ్‌టైటిల్స్ మీద ఆసక్తి ఉంటే సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఐదు నిమిషాల వీడియో ఒకటి తీసుకుని నమూనా తయారు చేయండి. అనుభవం ఎంత అని అడిగిన క్లయింట్లకి నేను పంపేది అలాంటి నమూనానే.

రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్, ట్రైనింగ్ కిట్ అంటూ ముందే డబ్బడిగితే అక్కడితో ఆపేయండి. వీడియోలకి లైక్ కొడితే డబ్బు అనేవాళ్లు మొదట కొంచెం ఇస్తారు, ఆ తర్వాత పెద్ద మొత్తం కట్టమంటారు. ఇంట్లో అవసరం ఉన్నవాళ్లనే వెతికి మరీ మోసం చేస్తున్నారు, చూస్తుంటే బాధేస్తుంది.

ఇంతకుముందు మీరు ఏ పని చేసేవారు, రోజులో ఏ వేళ మీకు ఖాళీ దొరుకుతుంది? ఆ రెండూ రాస్తే తెలిసినవాళ్లకి పంపే మెసేజ్ రాయడంలో సాయం చేస్తాను.