ఇంట్లో జర్మన్ ఐరన్ క్రాస్ ఉంటే కేసవుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. కొన్నేళ్లుగా మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పాత జర్మన్ సైనిక పతకాలు, వాటితో ఇచ్చిన పత్రాలు సేకరించడం నా సరదా. ఇక్కడి పాత సామాన్ల సంతలో ఒక బవేరియా సైనికుడి 1914 ఐరన్ క్రాస్, 1916 నాటి దాని పత్రం, మిలిటరీ పాస్‌బుక్కు (సైనికుడి సర్వీసు వివరాల పుస్తకం), 1935లో ఆయనకే వచ్చిన మరో క్రాస్, దాని పత్రం కలిపి కొన్నాను. తర్వాత ఆన్‌లైన్ వేలంలో 1939 నమూనా ఐరన్ క్రాస్, 1942 నాటి పత్రం 180 యూరోలకు తీసుకున్నాను. ఆ పత్రం నకిలీ ఏమోనని ఇప్పుడు అనుమానం. మొదటి సైనికుడు 1958లో చనిపోయాడు. ఆయన గురించి ఫొటోలతో వ్యాసం రాసి ఆన్‌లైన్‌లో పెడితే మనవడు మెయిల్ పెట్టాడు: ‘అవి మా తాతవి, తిరిగివ్వండి, పేరు తీసేయండి’ అని. స్వస్తిక్ గుర్తున్నది ఇంట్లో ఉంటే జైలేనని ఆఫీసులో ఒకరు భయపెడుతున్నారు. సంక్రాంతికి వీటిని గుంటూరు తీసుకెళ్లి, కుదిరితే తర్వాత ఎప్పుడైనా అమ్మాలని ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ జైలు భయం పక్కన పెట్టండి. జర్మనీ శిక్షాస్మృతిలో 86ఎ అనే సెక్షన్ నాజీ చిహ్నాలను పంచిపెట్టడాన్ని, బహిరంగంగా వాడటాన్ని నేరమంటుంది. మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా. అలా పంచడానికో వాడటానికో నిల్వ పెట్టుకున్నా, దేశంలోకి తెచ్చినా, బయటికి పంపినా అదే సెక్షన్. సొంత సేకరణగా బీరువాలో పెట్టుకోవడం మాత్రం నేరం కాదు. మీ వస్తువు గుమ్మం దాటినప్పుడే, అంటే ఫొటోగానో, అమ్మకం సరుకుగానో, విమానంలో లగేజీగానో బయటికి వచ్చినప్పుడే చట్టంతో పని పడుతుంది. అన్నట్టు, మనవాళ్లు గుమ్మానికి పసుపు కుంకుమలతో వేసుకునే స్వస్తిక్ మీద కేసులు పెట్టడం ఈ సెక్షన్ ఉద్దేశం కాదు. ఆ కంగారు కూడా వద్దు.

మీ దగ్గరున్న మూడు పతకాలూ ఒక్కటి కాదు. 1914 క్రాస్ మీద కిరీటం, ‘డబ్ల్యూ’ అక్షరం, సంవత్సరం ఉంటాయి. వెనకవైపు ఓక్ ఆకులు, ఆ పతకాన్ని మొదట స్థాపించిన 1813. దాంతో ఏ పేచీ లేదు. 1935లో వచ్చిందంటున్నది 1934 జూలైలో అప్పటి జర్మనీ అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ స్థాపించిన గౌరవ క్రాస్ అయి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్గొన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే ఇచ్చారు. నాజీల కాలంలో ఇచ్చినదే అయినా దాని మీద స్వస్తిక్ లేదు. దాని పత్రం సంగతి వేరు. కింద కొట్టిన ఆఫీసు ముద్రను భూతద్దంతో చూడండి, డేగ కాళ్ల కింద స్వస్తిక్ ఉందేమో. 1939 క్రాస్‌కు నడిమధ్యే స్వస్తిక్ ఉంటుంది. 1942 పత్రంలో చాలావరకు రెండుచోట్ల చూసుకోవాలి: అచ్చులో ఉన్న పతకం బొమ్మ ఒకటి, గుండ్రటి ముద్ర ఇంకొకటి. సేకర్తలు బొమ్మ మీద నల్ల స్టిక్కర్ వేసి, ముద్రను వదిలేసి ఫొటో పెట్టేస్తుంటారు.

చరిత్ర, పరిశోధన, బోధన, కళ, ప్రజలకు రాజకీయ అవగాహన కల్పించడం లాంటి ప్రయోజనాలకు అదే శిక్షాస్మృతి 86వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. జర్మన్ వేలం సంస్థలు కొనేవారి చేత ఈ ప్రయోజనాలకే కొంటున్నామని సంతకం పెట్టించుకునేది అందుకే. మీ వ్యాసం నిజంగా ఆ సైనికుడి చరిత్ర చెప్పేదైతే మినహాయింపు అడగొచ్చు. కానీ ఒట్టి ఫొటో పెట్టి కింద ‘నా కొత్త కలెక్షన్’ అని రాస్తే చరిత్ర అనిపించుకోదు. నా మాట వింటే ముద్రతో సహా గుర్తులన్నీ కప్పేసి పెట్టండి. మినహాయింపు ఉందని కోర్టులో గెలవడం కన్నా అక్కడిదాకా వెళ్లకపోవడం మేలు. ఇండియా అకౌంట్ నుంచి, గుంటూరులో కూర్చుని పోస్ట్ చేస్తే సరిపోతుందనుకోవద్దు. మీ బతుకుదెరువు జర్మనీలో ఉండి, ఆ పోస్టు అక్కడ కనిపిస్తే చట్టం వర్తిస్తుంది. అమ్మకానికీ ఇదే లెక్క. పతకం ఛాతీకి పెట్టుకుని ఫొటో దిగడం అసలే వద్దు. 1957 నాటి పతకాల చట్టం యుద్ధకాలపు పతకాలను స్వస్తిక్ తీసేసిన రూపంలో ధరించనిచ్చింది, అదీ వాటిని పొందినవారికే. 1939 క్రాస్ మధ్యలో ఓక్ ఆకులతో కొన్ని అమ్ముతుంటారే, అవి ఆ చట్టం తర్వాత చేసినవి.

ఇక మనవడు. ఆయన బాధ అర్థమవుతుంది గానీ ‘మా తాతవి’ అన్నంత మాత్రాన వస్తువు ఆయనది అయిపోదు. జర్మన్ సివిల్ కోడ్ 1006 ప్రకారం వస్తువు ఎవరి చేతిలో ఉందో వాళ్లే యజమాని అని ముందుగా అనుకుంటారు. కాదని రుజువు చేసే భారం ఆయనదే. ఇలాంటివి సంతకు ఎక్కువగా వచ్చే దారి ఒకటుంది. పెద్దవాళ్లు పోయాక వారసులు ఇల్లు ఖాళీ చేసే మనిషిని పిలిచి ‘ఉన్నదంతా పట్టుకెళ్లు’ అంటారు. అటకమీది అట్టపెట్టెలో ఏముందో ఎవరూ చూడరు. అలా వెళ్లినదాన్ని మీరు కొంటే అది మీదే. మరో మనవడో కోడలో అమ్మినా, వాళ్లకు ఆ హక్కుందని మీరు నమ్మడానికి తగిన కారణం ఉంటే అదే కోడ్‌లోని 932వ సెక్షన్ మిమ్మల్ని సాధారణంగా కాపాడుతుంది.

చిక్కు ఎక్కడంటే దొంగిలించిన వస్తువు దగ్గర. 935 ప్రకారం దొంగ సొత్తును మీరు ఎంత నిజాయితీగా కొన్నా మీది కాదు. బహిరంగ వేలంలో కొన్నది దీనికి మినహాయింపు. సంతలో బల్ల పరిచి అమ్మేవాడి దగ్గర బేరమాడి కొనడం బహిరంగ వేలం కిందికి రాదు. కాబట్టి ఆయన్ని మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి: ఇవి ఇంట్లోంచి ఎప్పుడు, ఎలా పోయాయి? పోలీసు ఫిర్యాదు ఉందంటే వస్తువులు కదపకుండా మ్యూనిక్‌లో వకీలును కలవండి. ‘అమ్మ ఇల్లు ఖాళీ చేయించినప్పుడు పోయినట్టున్నాయి’ అంటే మీ చేతులు దాటించాల్సిన పని లేదు. అయినా నేను మీ స్థానంలో ఉంటే మంచి స్కాన్లు పంపి, కావాలంటే కొన్న ధరకే ఇస్తానని చెబుతాను. ఇది చట్టం చెప్పమన్న మాట కాదు, నా మాట.

పేరు తీసేయాలన్న డిమాండ్‌కు పెద్దగా బలం లేదు. యూరప్ డేటా రక్షణ చట్టం బతికున్నవారికే. ఫొటోకు చనిపోయిన తర్వాత పదేళ్ల వరకే కుటుంబం అనుమతి కావాలి, ఆయన పోయింది 1958లో. అయితే మనవడి పేరు, ఊరు, ఆయన పంపిన మెయిల్ మీ వ్యాసంలోకి రాకూడదు, ఆయన బతికున్న మనిషి. ఇంకో జాగ్రత్త. రెజిమెంట్ పేరొక్కటి చూసి ‘ఫలానా దారుణాల్లో ఈయన ఉన్నాడు’ అని రాయకండి. చనిపోయినవారి జ్ఞాపకాన్ని కించపరచడం జర్మనీ శిక్షాస్మృతి 189 కింద నేరం, రెండేళ్ల వరకు జైలు పడొచ్చు. రికార్డు చూసి రాయండి. అందులో మీకు అదృష్టం ఉంది. అప్పటి జర్మనీలో అతిపెద్ద రాజ్యమైన ప్రష్యా సైన్యపు వ్యక్తిగత రికార్డులు 1945 ఏప్రిల్‌లో పోట్స్‌డామ్ మీద పడ్డ బాంబులకు తగలబడిపోయాయి. బవేరియావి మిగిలాయి, మీరుంటున్న మ్యూనిక్‌లోనే, యుద్ధ ఆర్కైవ్‌లో ఉన్నాయి. అక్కడి యుద్ధకాలపు సైనికుల జాబితాల్లో ఒక్కొక్క సైనికుడి గాయాలు, పతకాలు కూడా రాసి ఉంటాయి. మీ 1916 పత్రం తేదీ అక్కడితో సరిపోయిందా చూసుకోండి. 1942 పత్రంలో ఉన్న రెండో యుద్ధం మనిషి సంగతికి జర్మనీ ఫెడరల్ ఆర్కైవ్‌కు రాయాలి. వ్యక్తిగత ఫైళ్లు మనిషి పోయిన పదేళ్లకు, మరణ తేదీ తెలియకపోతే పుట్టిన వందేళ్లకు తెరుస్తారు.

సంక్రాంతి ప్రయాణం దగ్గర మాత్రం ఆగండి. మీరు అడగని సమస్య ఇక్కడే ఉంది. యూరోపియన్ యూనియన్ దాటించే సాంస్కృతిక వస్తువుల నిబంధనల్లో చాలావాటికి ధర పరిమితి ఉంది, మామూలు పతకం దాని దరిదాపుల్లోకి కూడా రాదు. కానీ 50 ఏళ్లు దాటిన ఆర్కైవ్ పత్రాలకు ధరతో నిమిత్తం లేదు, ఎంత చవకైనా ఎగుమతి అనుమతి ఏదని అధికారులు మిమ్మల్ని అడగొచ్చు. మీ పత్రాలు ఆ లెక్కలోకి వస్తాయా రావా అని బవేరియా ప్రభుత్వ సాంస్కృతిక విభాగం నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

మన దేశంలో దిగాక అసలు కథ. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక ప్రాధాన్యం ఉన్న వస్తువుకు వందేళ్లు, పత్రానికి 75 ఏళ్లు నిండితే పురావస్తువు. అది ఎక్కడ తయారైందన్న షరతు ఆ నిర్వచనంలో లేదు. అంటే మీ 1914 క్రాస్, మూడు పత్రాలూ, మిలిటరీ పాస్‌బుక్కూ పురావస్తువులే అనడానికి వీలుంది. 1939 క్రాస్‌కు ఇంకా వయసు రాలేదు. తీసుకురావడానికి అడ్డు లేదు, విమానాశ్రయంలో కస్టమ్స్‌కు చెప్పి తేవాలి. కానీ పురావస్తువును ప్రైవేటు వ్యక్తి దేశం దాటించడం సెక్షన్ 3 కింద నిషేధం. దాటిస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు. అవునా కాదా అన్న తగాదా వస్తే తేల్చేది పురావస్తు శాఖ. ఇండియాలో వీటిని వ్యాపారంగా అమ్మాలన్నా లైసెన్సు కావాలి. వీటికి మంచి ధర పలికే మార్కెట్ యూరప్‌లో ఉంటే, తీసుకెళ్లి గుంటూరులో బంధించుకోవడం దేనికి? స్కాన్లు తీసుకెళ్లి ఇంట్లోవాళ్లకు చూపించండి.

చివరగా 1942 పత్రం. అతినీలలోహిత దీపం కింద పెట్టండి. కాగితం నీలం తెలుపులో మెరిసిపోతే అనుమానం గట్టిదే, కాగితంలో ఆ మెరుపు రసాయనాలు విస్తృతంగా వచ్చింది యుద్ధం తర్వాతే. అమ్మినవాడు ప్రైవేటు వ్యక్తి, ‘వాపసు లేదు’ అని రాశాడని వెనకడుగు వేయొద్దు. ప్రకటనలో ‘ఒరిజినల్’ అని ఉంటే ఆ మాటకు అతను కట్టుబడాలి, వాపసు లేదన్న షరతు దాన్ని కొట్టేయలేదు. ఆ ప్రకటన పేజీని ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, రేపు ఉండకపోవచ్చు. లోపం మీద క్లెయిమ్‌కు వస్తువు అందిన రోజు నుంచి రెండేళ్ల గడువు. తెలిసి మోసం చేశాడని నిరూపించగలిగితే, మోసం బయటపడిన రోజు నుంచి ఏడాదిలోగా కొనుగోలునే రద్దు చేయొచ్చు. డబ్బు రాకపోయినా సరే, నకిలీ అని తెలిశాక దాన్ని అసలుదని చెప్పి ఇంకొకరికి అమ్మారంటే మోసం కేసులో ముద్దాయి మీరే అవుతారు.